పేర్ల దస్త్రం ఎవరిది?

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. ఇక్కడి బడుల్లో తెలుగు మాధ్యమంలో చదివి ఇంతదాకా వచ్చిన పిల్లలు మీలో ఉన్నారు. అండమాన్‌లోని శ్రీవిజయపురంలో తెలుగులో మాట్లాడే భాగ్యం నాకు వాళ్ల వల్లే దక్కింది.

మీరు బడిలో ఉన్న రోజుల్లో ఈ దీవుల ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. బీఎస్ఎన్ఎల్ వేసిన ఆ కేబుల్ స్వరాజ్ ద్వీప్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ దాకా చేరింది. కేబుల్ ఎవరిదో మనకు తెలుసు. దాని గుండా మీరు రోజూ వెతికే వెబ్‌సైట్ల పేర్ల పట్టిక ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న వెనక యాభై ఏళ్ల కథ ఉంది.

1970లలో, ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్ అనే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త పేరు చేర్చాలంటే వాళ్లకు చెప్పాలి, వాళ్లు రాశాక అందరూ ఆ ఫైలును మళ్లీ దింపుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది సాగలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్‌ను రూపొందించి పనిని పంచారు. పైన రూట్, దాని కింద డాట్ కామ్, డాట్ ఇన్ వంటివి, వాటి కింద వాటి పేర్లు. ఎవరి భాగం వాళ్లే చూసుకోవాలి. అయినా అన్నిటికీ పైనున్న రూట్ మాత్రం ఒక్కటే. దానిలో ఏం చేరాలో చాలాకాలం జాన్ పోస్టెల్ అనే ఒక్క శాస్త్రవేత్త చూసుకున్నారు.

1994లో పోస్టెల్ రాసిన ఒక పత్రాన్ని మీరంతా చదవాలని నా కోరిక. డొమైన్ నడిపేవాళ్లు హక్కుల గురించి, యాజమాన్యం గురించి వాదించుకోవడం తగదని, తమ బాధ్యత ఏమిటో, సమాజానికి చేసే సేవ ఏమిటో చూసుకోవాలని అందులో అన్నారు. కరణం చేతిలో దస్త్రం ఉన్నంత మాత్రాన పొలం కరణానిది అయిపోదు కదా! ఏది దేశమో, ఏది కాదో తేల్చడం తమ పని కాదని కూడా ఆయన స్పష్టం చేశారు. అందుకే ఐఎస్ఓ 3166 అనే అంతర్జాతీయ జాబితాలో ఏ రెండక్షరాల కోడ్ ఉంటే దాన్నే వాడారు.

1998 జనవరి 28న పోస్టెల్ ఎనిమిది రూట్ సర్వర్ల నిర్వాహకులకు ఈమెయిల్ రాసి, ఇకపై రూట్ అసలు ప్రతిని తమ దగ్గర నుంచి తీసుకోమన్నారు. వాళ్లంతా అలాగే చేశారు. రూట్ మీద పర్యవేక్షణ ఉన్న అమెరికా ప్రభుత్వం కలవరపడింది, కొద్ది రోజుల్లోనే అంతా యథాస్థితికి వచ్చింది. ఆ ఎనిమిదిమంది ఆయన మీద నమ్మకంతో మాట విన్నారు. ఎంత మంచి మనిషైనా, ప్రపంచపు పేర్లు ఒక్కరి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సెప్టెంబర్‌లో ఈ పేర్ల వ్యవస్థను చూసుకోవడానికి ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. అక్టోబర్ 16న పోస్టెల్ కన్నుమూశారు.

ఇక దీవుల సంగతి. పసిఫిక్‌లోని చిన్న దేశం టువాలుకు ఆ ఐఎస్ఓ జాబితాలో టీవీ అనే రెండక్షరాలు వచ్చాయి. వాటిని లీజుకిచ్చి, ఆ డబ్బుతో ఆ దేశం 2000లో ఐక్యరాజ్యసమితిలో చేరింది. ఆస్ట్రేలియా ఏలుబడిలోని కోకోస్ దీవులకు సీసీ వచ్చింది. మనకు ఉత్తరాన ఉన్న మయన్మార్ కోకో దీవులు వేరు, పొరబడకండి. అండమాన్ నికోబార్‌కు విడిగా కోడ్ లేదు, మన పరిపాలన చిరునామా గవ్ డాట్ ఇన్ కిందే ఉంది. అందులో చిన్నతనం ఏమీ లేదు. సొంత అక్షరాలుంటే చాలదని మన హిందూ మహాసముద్రంలోనే చాగోస్ దీవులు చెబుతాయి. వాటికి ఐఓ దక్కింది. ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆ పేరు కొనుక్కున్నాయి. ఆ దీవుల జనాన్ని మాత్రం డీగో గార్సియా సైనిక స్థావరం కోసం 1968, 1973 మధ్య బ్రిటన్ వెళ్లగొట్టింది. తమ నేల పేరున పుట్టిన అక్షరాల అమ్మకంలో వాళ్లకు మాట లేదు. నా దృష్టిలో ఇది అన్యాయం. దస్త్రం పట్టుకున్నవాళ్లకు సేవాధర్మం గుర్తులేకపోతే ఇలాగే జరుగుతుంది.

మన డాట్ ఇన్ 1989లో వచ్చింది. ముంబైలోని ఎన్‌సీఎస్‌టీ అనే సంస్థ దాన్ని చూసేది. నిబంధనలు ఎంత బిగువంటే, 2004 దాకా నమోదైన పేర్లు సుమారు 7,000 మాత్రమే. 2005 జనవరిలో నిక్సీ అనే సంస్థ తలుపులు తెరిచాక అయిదారేళ్లలో అవి ఆరు లక్షలు దాటాయి. బయట మాత్రం తగువు సాగుతూనే ఉంది. రూట్ మీద ఒక్క అమెరికా పర్యవేక్షణ ఏమిటని 2005 ట్యునిస్ సదస్సులో దేశాలు నిలదీశాయి. ఆ చర్చ కోసం ఏర్పాటైన వేదిక 2008 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో సమావేశమైంది. ముంబై దాడులు జరిగి అప్పటికి వారమే. అయినా వెయ్యి మందికి పైగా వచ్చారు. చివరికి 2016 అక్టోబర్ 1న అమెరికా ఆ పర్యవేక్షణను వదులుకుంది. ఆ తర్వాత ఐకాన్ తొలి బహిరంగ సమావేశం కూడా హైదరాబాద్‌లోనే జరిగింది. ఐకాన్ సమావేశాల్లో ప్రభుత్వాలూ, కంపెనీలూ, సామాన్య వాడుకరులూ ఒకే గదిలో కూర్చుంటారు. ఖర్చెక్కువ, ఇంగ్లీషు పెత్తనం ఎక్కువ. అయినా ప్రభుత్వాలు మాత్రమే కూర్చునే గది కన్నా ఇదే మేలు.

ఇప్పుడు డాట్ భారత్ అని తెలుగు అక్షరాల్లోనే చిరునామా రాయవచ్చు. దానికోసం మన లిపి తెలిసినవాళ్లు ఎంతో పని చేశారు. తెలుగు, కన్నడ అక్షరాలు కొన్ని చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒకటి చూపి మరొకటి అంటగట్టే మోసం జరగకుండా నియమాలు రాశారు. కానీ ఇప్పటికీ ఎన్నో వెబ్‌సైట్ల దరఖాస్తు ఫారాలు తెలుగు ఈమెయిల్‌ను తప్పు చిరునామా అని తిప్పికొడుతున్నాయి.

మిత్రులారా, మీలో కొందరు రేపు అలాంటి ఫారాలు రాసే ఉద్యోగాల్లో చేరతారు. మీ చేతిలో పడ్డ ఫారం తెలుగు చిరునామాను, బెంగాలీ, తమిళ చిరునామాలను ఒప్పుకునేలా రాయండి. ఐకాన్ విధానాల ముసాయిదాలు ఎవరైనా చదివి అభిప్రాయం రాయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం ఫెలోషిప్ కూడా ఉంది. దానికి దరఖాస్తు పెట్టండి. ఆ గదిలో ఈ దీవుల గొంతు వినిపించాలి. మీలో ఒకరు వెళ్లి మాట్లాడండి.