మొదటి మందు నీళ్లే
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన చిలకలగూడ వాళ్లకు గాంధీ ఆస్పత్రి దగ్గరే. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. కాని ఆ బండి వచ్చేలోగా ఇంట్లో మనం ఏం చేస్తున్నామన్నదే ఈరోజు మేము చెప్పదలచుకున్న మాట. ఆపదలు రెండు: ఒకటి ఒళ్లు కాలడం, రెండోది వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోవడం. పైకి వేరుగా కనిపించినా రెండింటికీ మొదటి మందు నీళ్లే.

చాయ్ గిన్నె మీద పోసుకున్న పసివాడు, దావత్‌లో దేగ్చా దింపుతూ చేతులు కాల్చుకున్న కుర్రవాడు, పొయ్యి దగ్గర దుపట్టా అంటుకున్న ఆడపిల్ల. ఇవి మన ఇళ్లకు కొత్తవి కావు. అప్పుడు ఒకరు పసుపు అంటారు, ఒకరు టూత్‌పేస్టు, ఒకరు సిరా, ఇంకొకరు ఐసు. ప్రేమతోనే అంటారు, కాదనం. కాని ఆ పూతల వల్ల వేడి బయటికి పోదు, గాయం ఎంత లోతో డాక్టరుకు కనిపించదు. ఐసు చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది.

బట్టలంటుకుంటే పరుగెత్తనివ్వకండి, పడుకోబెట్టి మందపాటి దుప్పటితో ఆర్పండి. వెంటనే కాలినచోట కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. వాచిన తర్వాత రావు. చర్మానికి అతుక్కున్న బట్టను పీకకండి, బొబ్బలు చిదపకండి. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి బయలుదేరండి. పసిబిడ్డయితే మిగతా ఒళ్లు చల్లబడకుండా కప్పి ఉంచండి.

కాలినవారి అరచెయ్యి, వేళ్లతో కలిపి, వారి ఒంట్లో నూటికి సుమారు ఒక వంతు. కాలిన చోటు పిల్లలకు 10 అరచేతులు, పెద్దలకు 15 దాటితే ఒంట్లో నీరు వేగంగా ఊరిపోతుంది, సెలైను ఎక్కించాలి. ముఖం, చేతులు, మర్మస్థానం కాలినా, కరెంటు, యాసిడ్ తగిలినా చిన్న గాయమని ఊరుకోకండి. ఆడవాళ్ల ఒళ్లు కాలితే నలుగురికీ ఎలా చూపిస్తామని ఇంట్లో దాచకండి. పరువు మాట తర్వాత, ముందు ప్రాణం.

ఇక రెండోది. "నీళ్లు తాగిస్తే ఇంకా అవుతాయి" అని బిడ్డ నోరు కట్టేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగి, సెలైను సీసాలు అయిపోవచ్చాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ములలో పెట్టి నోటితో తాగించారు. వేలమంది బతికారు. పేగులో చక్కెర ఉప్పును లోపలికి తీసుకుపోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. కీలకం అంతే.

ఓఆర్ఎస్ ప్యాకెట్టు మీద ఎంత నీరు అని రాసి ఉంటే సరిగ్గా అంతే కలపండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో సమంగా ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. వాంతి అయితే పది నిమిషాలాగి, చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు ఆపకండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు మందు కావు. మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆ పేరు వాడరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

కళ్లు గుంటలు పడటం, నోరు ఎండటం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, పసిబిడ్డ మాడు లోపలికి పోవడం, గిల్లి వదిలిన చర్మం మెల్లగా సర్దుకోవడం, ఆరుగంటలైనా మూత్రం రాకపోవడం ప్రమాద గుర్తులు. బిడ్డ మగతగా ఉండి తాగలేకపోతే ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఉంచకండి. రోజా ఉన్నవారికి ఇలా జబ్బుచేస్తే విరమించి తర్వాత తీర్చుకునే వెసులుబాటు మన ధర్మంలోనే ఉంది, మొండిపట్టు పట్టకండి.

చివరగా మా మనవి ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు అల్మారాలో పెట్టుకోండి. ఆరు చెంచాలు, అర చెంచా, ఇరవై నిమిషాలు. ఈ మూడు లెక్కలు ఇంట్లో నానమ్మకు, అమ్మమ్మకు ముందు నేర్పండి. ఆపద వేళ బిడ్డను మొదట ఎత్తుకునేది వాళ్లే కదా. సెలవు.