నాగార్జునకొండ యాత్ర

కృష్ణాజలములలో మునిగిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని దర్శింపగోరు యాత్రికుడు నేడు పడవనెక్కి, జలాశయ మధ్యమున ద్వీపమై నిలిచిన నాగార్జునకొండను చేరవలసియున్నది. 1926లో వెలుగుచూచిన ఆ లోయలోని ముఖ్య కట్టడములను, జలాశయపు నీరు ముంచకమునుపే, కొండపైనను ఒడ్డుననున్న అనుపులోను తిరిగి నిలిపిరి.

క్రీ.శ. 3వ శతాబ్దమున ఆ లోయలో మహాచైత్యమను స్తూపమును నిలుపుటకు పూనుకొన్నది ఇక్ష్వాకు రాజగు శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ. ఆమె శాసనమును చదివినపుడెల్ల నాకు చేతులు జోడింపవలెననిపించును. ఏలయన పుట్టినింటికిని మెట్టినింటికిని ఇహపర సుఖములను, తనకు నిర్వాణమును ఆమె అందు కోరినది. రాజకుటుంబపు స్త్రీ కోరదగినవి ఇంకను ఎన్ని లేవు!

ఆ స్తూపపు పునాది చక్రాకారము. నడుమనుండి బండిచక్రపు ఆకులవలె గోడలు సాగును గాని, పైని గుమ్మటము కప్పివేయుటచే భక్తులకు అది కానరాకుండెను. వారికి కనబడినవి నాలుగు దిక్కుల ఐదేసి ఆయక స్తంభములు. అవి బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, మహాపరినిర్వాణములకు సంకేతములని పండితుల మతము. కావున ప్రదక్షిణము చేయువాడు దిక్కుదిక్కునను ఒక నిండుజీవితమును పుట్టుక మొదలు తుదివరకు తలచుచు నడచును; ఈ ధ్యానమునకు మంత్రముతోగాని పూజారితోగాని పనిలేదు. అక్కడికేగువారు తొందరపడక తిరుగుడు. మరలివచ్చు పడవ వేళను మాత్రము ముందే అడిగి తెలిసికొనుడు.