వెనుకకు రప్పించిన సరకు



మామిడికాలము వచ్చినదనగా దామలచెరువు మండీలయెదుట బండ్లు బారులు తీరును. చిత్తూరు సీమలో పండు తోతాపురి కాయలలో పెద్దభాగము గుజ్జు కర్మాగారములకే పోవును. అచ్చట కాయను మాగవేసి, కడిగి, తొక్కయు టెంకయు తీసి, గుజ్జును వడపోసి, వేడిచేసి, డబ్బాలకెత్తి మూత బిగింతురు. ఆ డబ్బా ఓడనెక్కి అరబ్బు దేశములకును, ఐరోపాకును చేరును. మూత అతుకులో వెంట్రుకవాసి సందున్నను చాలును. సూక్ష్మజీవులు చొరబడి, గుజ్జు పులిసి, డబ్బా ఉబ్బును. అట్టిది కంటబడినపుడు దానితోపాటు తయారైన డబ్బాలన్నిటిని వెనుకకు రప్పింపవలసి రావచ్చును. అందులకగు వ్యయమెట్టిదో నేడు విచారింతము.

మొదటి పద్దు కంటికి కనిపించునది. పత్రికా ప్రకటనలు, తిరుగు రవాణా, కొన్నవారికి సొమ్ము వాపసు, గిడ్డంగి అద్దె, పరీక్షల రుసుము, కడపట సరకును ధ్వంసము చేయు ఖర్చు. పోవునపుడు లారీ నిండుగా పోవును. వచ్చునపుడో, అంగడికి నాలుగు డబ్బాల చొప్పున ఏరుకొని రావలెను. కావున పోయిన కూలికన్న వచ్చు కూలి హెచ్చు.

రెండవ పద్దు ఆగిన వ్యాపారము. అంగడిలో ఖాళీయైన అరను పోటీదారు నింపును. యంత్రము లాగినను జీతములును, వడ్డీలును ఆగవు.

మన దేశమున 2015లో జరిగిన ఉదాహరణ మొకటి కలదు. సీసము మితిమీరినదన్న ఆరోపణపై జూన్ 5న నెస్లే ఇండియా తన మ్యాగీ నూడుల్సును అంగళ్లనుండి రప్పింప మొదలిడినది. దాదాపు 320 కోట్ల రూపాయల సరకని ఆ సంస్థ అంచనా. దానిని సిమెంటు బట్టీలలో కాల్చిరి. ఆ మూడునెలల లెక్కలో సంస్థకు 64 కోట్ల నష్టము వచ్చినది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు నిషేధమును కొట్టివేసి, మూడు ప్రయోగశాలలలో మరల పరీక్షింపుమన్నది. అందొకటి హైదరాబాదునందలిది. సీసము మితిలోనే యున్నదని తేలి, నవంబరులో సరకు తిరిగి అమ్మకమునకు వచ్చినది. తీర్పు అనుకూలమైనను, కాలిన సరకు తిరిగి రాలేదు గదా!

మూడవ పద్దు నమ్మకము. దీనికి తూనికరాళ్లు లేవు. 1982లో అమెరికాలో చికాగో ప్రాంతమున ఎవరో దుర్మార్గులు టైలెనాల్ మందుగుళికలలో విషము కలుపగా ఏడుగురు మరణించిరి. తప్పు తనది కాకున్నను, జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ దేశమంతటినుండి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను రప్పించినది. పది కోట్ల డాలర్లకు మించి వ్యయమైనది. కాని దాపరికము లేని ఆ నడతవలననే జనులు మరల ఆ మందును కొనిరి.

పెద్ద సంస్థ ఇట్టి దెబ్బకు తాళుకొనును. అప్పుతో నడచు చిన్న గుజ్జు కర్మాగారము తాళునా? అది మూతబడినచో కాయ కొనువాడు తగ్గి, తుదకు రైతునకు కోతకూలియైనను గిట్టదు. అందుచేతనే కొందరికి దాచవలెనను బుద్ధి పుట్టును. దాచిన దోషము వడ్డీతో బయటపడును.

దీనికి చవుకైన రక్ష డబ్బాపై నొత్తిన తయారీ సంఖ్య. ఏ తోట కాయ, ఏ దినమున, ఏ యంత్రముపై నిండినదో చిట్టా యున్నచో ఒక్కదినపు సరకుతో పోవును. చిట్టా లేనిచో ఋతువంతటి సరకును రప్పింపవలెను. ఆహారపదార్థముల తయారీదారులు రప్పింపు పథకమును ముందే వ్రాసి యుంచుకొనవలెనని 2017 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

గృహిణులకొక మనవి. ఉబ్బిన డబ్బాను రుచి చూడకుడు. దానిపై సంఖ్యను వ్రాసికొని అంగడివానికి తెలుపుడు. మీ ఒక్కమాట మరియొక యింటి బిడ్డను కాపాడవచ్చును.