విదేశీ చదువు - టీకాల కాగితాలు

అమెరికా విశ్వవిద్యాలయంలో సీటు రాగానే ఇంట్లో వీసా, బ్యాంకు కాగితాల మాటలే సాగుతాయి. వారు పంపే ఆరోగ్య పత్రాన్ని చాలామంది ప్రయాణానికి వారం ముందుగాని తెరవరు. అది ఎందుకు చాలదో చూద్దాం.

అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు ఎం.ఎం.ఆర్. టీకా రెండు మోతాదులు అడుగుతాయి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా వ్యాధులకు కలిపి వేసే టీకా ఇది. మొదటిది ఏడాది నిండాక వేసినదై ఉండాలి. రెండింటికీ మధ్య కనీసం 28 రోజుల ఎడం కావాలి. మన ప్రభుత్వ కార్యక్రమంలో తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక మొదలవుతుంది. రుబెల్లా టీకా 2017 నుంచి చేరింది. గవదబిళ్లల టీకా అందులో లేదు. అందుచేత మీ అమ్మగారు ఒక్కటీ తప్పకుండా వేయించినా ఆ చిన్ననాటి కార్డు వాళ్ల లెక్కకు సరిపోకపోవచ్చు. ఇందులో ఆమె పొరపాటేమీ లేదు.

కార్డే పోయిందా? రోగనిరోధకత చూపే రక్తపరీక్షను చాలాచోట్ల అంగీకరిస్తారు. లేదా టీకా మళ్లీ వేయించుకోండి. ఇదివరకు వేసుకున్నవారికీ సాధారణంగా హాని ఉండదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు మాత్రం వేయించుకోరాదు. తెలిసిన డాక్టరుగారిని బతిమాలి పాత తేదీలు రాయించుకోవడం వద్దు. హాస్టల్లో తట్టు సోకిననాడు ఆ కాగితం అడ్డుపడదు.

హెపటైటిస్-బి కూడా అడిగితే, మామూలు పద్ధతిలో మూడు మోతాదులకు ఆరు నెలలు పడుతుంది.

ఇక క్షయ. పసితనంలో వేసిన బి.సి.జి. వల్ల, ఒంట్లో క్షయ క్రిమి లేకున్నా ముంజేతి మీద చేసే చర్మపరీక్షలో గట్టి వాపు రావచ్చు. బి.సి.జి. ప్రభావం పడని ఇగ్రా అనే రక్తపరీక్ష ఉంది, వీలైతే అదే చేయించుకోండి. ఎం.ఎం.ఆర్. వేయించుకున్న రోజే రక్తం ఇవ్వాలి, లేకుంటే నాలుగు వారాలు ఆగాలి. ఫలితం పాజిటివ్ అయినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఛాతీ ఎక్స్‌రే తీసి చూస్తారు. ఇదివరకు క్షయకు మందులు వాడినవారు దాచకండి. చికిత్స పూర్తయిన ధ్రువపత్రం, పాత ఎక్స్‌రేలు వెంట ఉంచుకోండి. పోల్చి చూడడానికి అక్కడి వైద్యులకు అవే ఆధారం. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి చదవబోయేవారికి క్షయ పరీక్ష వీసా దరఖాస్తుకు ముందే ఉంటుంది.

మరో చిన్న సంగతి. 05-08 అంటే మనకు ఆగస్టు ఐదు, అమెరికాలో మే ఎనిమిది. అందుకని డాక్టరుగారి చేత నెల పేరు అక్షరాల్లో రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి.