ముల్లు ఎప్పుడు పడినది? – రేసు ఇంజినులలో ఆయిల్ ప్రెషరు లోపము

(కోయంబత్తూరులో మన సంఘ యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను మోటారు విడిభాగములు, ఆయిలు అమ్ముకొని జీవించు వర్తకుడను. చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. ఐనను యువజన విభాగమువారు ఈ విషయమును గూర్చి మాటలాడుమని కోరుటకు కారణము కలదు. చెట్టిపాళయమునందలి కారి మోటార్ స్పీడ్‌వేకు కార్లను సిద్ధపరచు పిల్లలు తరచుగా మా అంగడికి వచ్చి, "అన్నా! ప్రెషరు పడిపోవుచున్నది, ఇంకొంచెము దళసరి ఆయిలు ఇవ్వు" అని అడుగుదురు. ఇచ్చినచో నాకు అమ్మకమే. కాని రోగమేదో తెలియక మందు అడుగుట మంచిది కాదని చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

మన ఊరికి ఈ విద్యలో మంచి పేరు కలదు. కీర్తిశేషులు కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజినుతో ఫార్ములా మారుతి కార్లను ఇచ్చటనే రూపొందించిరి. ఆయన 1995లో విమాన ప్రమాదమున గతించిరి. పైన చెప్పిన ట్రాకు ఆయన పేరుననే వెలసినది. 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఈ ఊరివాడే. ఇట్టి ఊరిలో పనిచేయు మెకానిక్కు ఊహలపై ఆధారపడరాదు.

మొదట ప్రెషరనగా నేమో తెలియవలెను. 1883లో ఇంగ్లండున బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షించుచు, ఆయిలు పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము తొలిచెను. ఇరుసు తిరుగుచుండగా ఆ రంధ్రమునుండి ఆయిలు పైకి పొంగెను. బిరడా పెట్టిన బిరడాను, కొయ్యమేకు కొట్టిన మేకును బయటికి నెట్టివైచెను. మీటరు తగిలింపగా ముల్లు చదరపు అంగుళమునకు 200 పౌండ్లు దాటెను. బేరింగుపై సగటు బరువు సుమారు 100 పౌండ్లే. తిరుగుచున్న ఇరుసు తానే ఆయిలును సందులోనికి లాగుకొని పొరగా చేసి, ఆ పొరపై తేలుచున్నదని దీనివలన తేలినది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితము సమకూర్చెను.

కావున క్రాంకుషాఫ్టును మోయునది పంపు ప్రెషరు కాదు, ఆ పలుచని పొర. పంపు పని ఆ పొరకు ఆయిలును ఎడతెగక అందించుట మాత్రమే. పంపు ఆయిలును తోయును. బేరింగుల సందులు దానిని అడ్డగించును. ఆ అడ్డగింపే మీటరున ప్రెషరుగా కనబడును. ముల్లు పడినదనగా ఆయిలు అందుట లేదో, ఆయిలు పలుచబడినదో, సందులు పెరిగినవో, రిలీఫ్ వాల్వు తెరచుకొని యున్నదో, లేక మీటరే అబద్ధమాడుచున్నదో కావలెను. ఈ ఐదింటిలో ఏది యని తేల్చుటయే పరీక్ష.

ముల్లు పడగానే ఇంజినును ఆపవలెను. ఇంకొక రౌండు చూతమనరాదు. ఎఱ్ఱదీపమును నమ్ముకొనరాదు, అది మిక్కిలి తక్కువ ప్రెషరునకే వెలుగును. రేసు వేగమున అది వెలుగునాటికి బేరింగు కాలిపోయి యుండవచ్చును. తరువాత కరెంటు మీటరును విప్పి, గొట్టముతో నేరుగా చూపు మెకానికల్ మీటరును తగిలించి సరిచూడవలెను. చెడిన సెండరు కొరకు ఇంజినును విప్పినచో కూలి, గ్యాస్కెట్లు, కాలము అన్నియు దండుగ. ప్రతి వేయి చుట్లకు 10 పౌండ్లను పాత లెక్క యొకటి కలదు. అనగా నిముషమునకు 7,000 చుట్ల వద్ద 70 పౌండ్లు. అది ఉజ్జాయింపే, ఆయా ఇంజిను పుస్తకమున వ్రాసినదే ప్రమాణము.

మీటరు నిజమే చెప్పుచున్నచో, డ్రైవరును అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ముల్లు ఎప్పుడు పడినది?

మలుపులో పడి, దారి తిన్నబడగానే లేచినచో, ఆయిలు సంపులో ప్రక్కకు పోవుచున్నది. కారు బరువుతో సమానమైన బలము ప్రక్కనుండి లాగినపుడు సంపులోని ఆయిలు 45 డిగ్రీలు వాలును. అప్పుడు పికప్ గొట్టపు నోరు బయటపడి గాలి పీల్చును. ఎండకాలమున బావిలో నీరు దిగి, ఫుట్ వాల్వు తేలినపుడు పంపుసెట్టు ఏమి చేయునో మన రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. మొదట ఆయిలు మట్టము చూడుడు. పిదప సంపులో అడ్డురేకులు, ఒకవైపుకే తెరచుకొను తలుపులు అమర్చుడు. అవి చాలనిచో డ్రై సంపు వలయును. అందు సంపునుండి ఆయిలును వేరు పంపులు ఎప్పటికప్పుడు తోడి తొట్టికి చేర్చును. 1967లో వచ్చిన కాస్‌వర్త్ డి.ఎఫ్.వి. రేసు ఇంజినులో ఈ ఏర్పాటే యుండెను.

చల్లగా నున్నపుడు బాగుగానుండి, వేడెక్కిన పిదప ఐడిలింగులో పడినచో, ఆయిలు పలుచబడినదో, బేరింగులు అరిగినవో చూడవలెను. డిప్ స్టిక్కును వాసన చూడుడు. పెట్రోలు వాసన వచ్చినచో ఆయిలులో పెట్రోలు కలియుచున్నది. వాసన లేనిచో, ఆయిలు వేడిమి మితిమీరకున్నచో, బేరింగులను అనుమానింపవలెను. జర్నలు వ్యాసము అంగుళమునకు అంగుళములో వేయవ వంతు ఖాళీ యుండవలెనని పనివారి లెక్క. ఆ ఖాళీ రెట్టింపైనచో, కారు ఆయిలు రెండు రెట్లు కాదు, సుమారు ఎనిమిది రెట్లగును. స్వల్పపు అరుగుదలకే ముల్లు అంతగా పడుటకు కారణమిదియే.

వేగము పెరిగినకొలది ముల్లు వణకి పడినచో, ఆయిలులో గాలి చేరినదని తలపవలెను. ఆయిలు ఎక్కువ పోసినచో క్రాంకు దానిని చిలికి నురుగు చేయును. తక్కువ పోయుట ఎంత తప్పో ఎక్కువ పోయుటయు అంతే. పికప్ గొట్టపు అతుకు వద్ద రబ్బరు రింగు చిట్లినను, జల్లెడ మూసుకొనినను ఇట్లే జరుగును. పీల్చువైపు చీలికనుండి ఆయిలు బయటికి కారదు, గాలి లోనికి పోవును. కావున క్రింద మరక వెదకి లాభము లేదు.

వేగమెంత పెంచినను ముల్లు ఒకే తక్కువ అంకెవద్ద నిలిచిపోయినచో, ముందుగా రిలీఫ్ వాల్వును చూడుడు. చిన్న లోహపు పలుకు ఇరుకుకొని వాల్వు మూసికొనకుండవచ్చును. ఐతే ఆ పలుకు ఎచ్చటిదో తెలియక దానిని తీసి పారవేయరాదు.

ఇక సాక్ష్యము. ఆయిలును శుభ్రమైన పళ్లెములోనికి దింపుడు. ఫిల్టరును కట్టరుతో కోసి, కాగితమును విప్పి చూడుడు. రంపముతో కోయరాదు, రంపపు పొడి లోనపడి మిమ్ము మోసగించును. పలుకులకు అయస్కాంతము చూపుడు. అంటుకొన్నది ఇనుము. అంటుకొననిది బేరింగు పూత కావచ్చును. అట్టి మెరుగు రజను విస్తారముగా కనబడినచో ఇంజినును విప్పుటయే గతి.

ఇప్పుడు దళసరి ఆయిలు మాట. అది పోసినచో ముల్లు లేచుట నిజమే. కాని సందులలో ప్రవాహము తగ్గును. బేరింగులోని వేడిని మోసికొనిపోవునది ఆ ప్రవాహమే గదా! అది పైనుండి సంపునకు మెల్లగా దిగును. కావున మలుపులలో కరవు తీరకపోగా హెచ్చును. బేరింగు ఖాళీని ఎక్కువగా ఉంచి కట్టిన ఇంజినుకు కట్టినవాడు దళసరి ఆయిలునే నిర్ణయించియుండిన, అది వేరు మాట. రోగమును కప్పుటకు పోయుట మాత్రము జ్వరము చూపుచున్నదని థర్మామీటరును నీళ్లలో ముంచుట వంటిది.

ఇది డబ్బుతో పోవు నష్టము మాత్రమే కాదు. బేరింగు పట్టుకొనినచో కనెక్టింగు రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకొని రావచ్చును. ఆ ఆయిలు ట్రాకుపై, వెనుక చక్రముల క్రింద పడును. వెనుక వచ్చు డ్రైవరునకు ఆ ఇంజినుతో సంబంధమే లేదు. ప్రాణము మాత్రము అతనిది.

కావున మీరు ఒక నోటుపుస్తకము ఉంచుకొనుడు. ప్రతి పరుగు పిదప ఆయిలు వేడిమి, ఇంజిను వేగము, ప్రెషరు, ముల్లు కదలిన మలుపు – ఈ నాలుగింటిని తేదీతో వ్రాయుడు. అంగడి కాతా వ్రాయనివాడు ఎచ్చట నష్టపోయెనో తెలిసికొనలేడు. ఇంజిను సంగతియు అంతే. ఇకపై మా అంగడికి వచ్చి ఆయిలు అడుగువారు ముందా పుస్తకము చూపవలెను. చూడనిదే దళసరి ఆయిలు ఇయ్యను. అమ్మకము తగ్గిన తగ్గనిండు.