పదో తరగతి అయ్యాక ఎటు?



మన జిల్లాలో కౌన్సెలింగ్ అనగానే ర్యాంకు కార్డు, సర్టిఫికెట్లు పట్టుకుని సీటు కోసం పోవడమే గుర్తుకొస్తుంది. అది సీట్ల పంపకం. పిల్లలకు దారి చెప్పే మాట అంతకు రెండేళ్ల ముందే, ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేనాడే కావాలి. (మన కాలంలో ఎస్.ఎస్.ఎల్.సి. అయితే టైపు, షార్ట్‌హ్యాండు. వేరే దారి ఎవరడిగారు?)

ముత్తుకూరు సంగతే చూడండి. 1991 నుంచి అక్కడ మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. నాలుగేళ్ల డిగ్రీ. వలలు, రొయ్యల గుంటల మధ్య పెరిగిన పిల్లలకు అంతకన్నా దగ్గరి చదువేముంది? కాని ఇంటర్‌లో బైపీసీ చదవాలి, ఈఏపీసెట్ రాయాలి. స్నేహితుడు చేరాడని సీఈసీలో చేరితే ఆ తలుపు మూసుకున్నట్టే. ఈ సంగతి చెప్పే కౌన్సెలర్ మా రేవు పల్లెల హైస్కూళ్లలో నాకు కనపడలేదు. అయ్యవార్లకు పరీక్షల పనే సరిపోతోంది. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ దరఖాస్తులు పరీక్షల వేడి తగ్గకముందే వచ్చి పోతాయి.

తండ్రి వేటకు, తల్లి చేపల గంపతో ఊళ్లమీదికి పోయే ఇంట్లో గడువు తేదీలు చూసేదెవరు? కులం, ఆదాయం సర్టిఫికెట్లు మన గుమాస్తాలకు కొట్టిన పిండి. ఒక బెస్త సోదరుడు నన్ను, "అయ్యా, ఆడబిడ్డని పంపితే హాస్టలుంటదా?" అని అడిగాడు. ఆయనకు కావలసింది ఉపన్యాసం కాదు, ఆ జవాబు.

జనవరి నుంచి నెలకొక శనివారం, ప్రధానోపాధ్యాయుల అనుమతితో బడిలో కూర్చుందాం. గ్రూపు మనం నిర్ణయించవద్దు. దారులు చెప్పి, కాగితాలు సరిచూద్దాం. రాదలచినవారు కార్యదర్శి గారి వద్ద పేర్లు రాయించగోరుతాను.