కాదన్నవారికీ కారణం చెప్పాలి

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుడు మన హాస్టలు వంటగది పైకప్పు మరమ్మతుకు కొటేషన్లు పిలిచాం. మూడేళ్ల అనుభవం ఉండాలని నోటీసులో రాశాం. అది లేదని ఒక మేస్త్రీ కొటేషన్ పక్కన పెట్టి, మనకు తెలిసిన ఇంకొకరికి పని ఇచ్చాం. పని పూర్తయ్యాక ఆ మేస్త్రీ ఆఫీసుకు వచ్చి, "నాకు మూడేళ్లు లేవన్నారు, సరే. ఆయనకు ఉన్నాయా సార్?" అని అడిగాడు. కాగితాలు తీసి చూశాం. ఆయనకూ లేవు. మినిట్స్ పుస్తకంలో కారణం ఒక్క ముక్క కూడా లేదు.

ఇలాంటి ప్రశ్నే 1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బొంబాయి విమానాశ్రయంలో ఒక రెస్టారెంటు, రెండు స్నాక్ బార్లు నడపడానికి టెండర్లు పిలిచారు. అయిదేళ్ల అనుభవం గల రిజిస్టర్డు రెండో తరగతి హోటలు నిర్వాహకుడై ఉండాలన్నది షరతు. ఆ అర్హత లేనివారికే పని దక్కింది. షరతు సడలిస్తారని తెలిస్తే తానూ టెండరు వేసేవాడినని పిటిషనర్ వాదించాడు. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడాలని, ఒకరికి మాత్రం సడలించడం రాజ్యాంగం 14వ అధికరణ చెప్పే సమానత్వానికి విరుద్ధమని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. అయినా పిటిషనర్‌కు ఊరట దొరకలేదు. అతను ఆలస్యంగా కోర్టుకెక్కాడు. అప్పటికే అవతలివారు డబ్బు పెట్టి పని మొదలుపెట్టారు.

టెండరు పోయిన ప్రతివారికీ కోర్టు పని ఇప్పించదు. నాలుగు మహానగరాల సెల్యులార్ లైసెన్సులపై వచ్చిన టాటా సెల్యులార్ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఈ హద్దు గీసింది. తాము అప్పీలు వినడం లేదని, నిర్ణయం ఏ పద్ధతిలో తీసుకున్నారో మాత్రమే చూస్తామని చెప్పింది. బడి భాషలో చెప్పాలంటే, కోర్టు పేపరు మళ్లీ దిద్ది మార్కులు వేయదు. అందరి పేపర్లూ ఒకే కొలతతో దిద్దారా అని చూస్తుంది. 2006లో జగదీశ్ మండల్ కేసులో మరో మాట కూడా చేర్చింది: పక్షపాతమో దురుద్దేశమో ఉందా, ప్రజాప్రయోజనానికి దెబ్బ తగిలిందా అని చూశాకే జోక్యం చేసుకోవాలి.

మనది ప్రభుత్వ సంస్థ కాదు. ఇలాంటి పనుల విషయంలో మనపై రిట్ వేసే దారి సాధారణంగా ఉండదు. అందుకని ఊపిరి పీల్చుకోగలమా? మన చేతిలో ఉన్నది మీరు నమ్మి ఇచ్చిన అమానతు. దానికి జవాబు చెప్పవలసిన చోటు హైకోర్టు కన్నా పెద్దది. అప్పు లావాదేవీలను సాక్షుల ఎదుట రాసుకోవాలని ఆదేశించే అల్ బఖరా 282వ ఆయతు చదివే మనం, మినిట్స్ రాయకపోవడం చిన్న పొరపాటు కాదు.

అందుకే కమిటీ తీర్మానించింది. షరతులు ముందే ప్రకటిస్తాం, మధ్యలో మార్చం. కవర్లు అందరి ఎదుట తెరుస్తాం. బంధువు కొటేషన్ వేస్తే ఆ సభ్యుడు ఆ రోజు కూర్చోడు. కాదన్నవారికి కారణం రాసి ఇస్తాం, అదీ పని మొదలుకాక ముందే. అప్పుడే వారు అడిగినా ఫలితం ఉంటుంది. ఆ రిజిస్టరు దాతలు ఎప్పుడైనా చూడవచ్చు.

ఆ మేస్త్రీ ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాం. ఈసారి ప్రహరీ గోడ పనికి ఆయన మళ్లీ కొటేషన్ ఇచ్చాడు. పని ఎవరికి దక్కుతుందో ఇప్పుడే చెప్పలేం. దక్కకపోతే ఎందుకు దక్కలేదో మాత్రం, ఇన్షా అల్లాహ్, ఆయన అడగకముందే చెబుతాం.

అల్లాహ్ మన సేవను స్వీకరించుగాక. ఆమీన్.